మా ల్యాబ్‌లో ‘కొంచెం’ అనకూడదు

నర్సింగ్ విద్యార్థులు, ట్యూటర్లు, తల్లిదండ్రులు కలిసిన ఒక సమావేశంలో రిటైరైన నర్సింగ్ ట్యూటర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. ఈ మైకు కొంచెం దించు బాబూ. ఇంకొంచెం. ఆ, చాలు. పొడుగువాళ్ళ కోసం పెట్టినట్టున్నారు. వెనక వరుసకి వినిపిస్తోందా? వినిపిస్తే చేతులెత్తండి. సరే, సగం మంది ఎత్తారు, మిగతా సగం మందికి ప్రశ్న కూడా వినపడలేదన్నమాట. ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు నాకు టాపిక్ ఇంగ్లీషులో పంపారు. సిమ్యులేషన్ బేస్డ్ లెర్నింగ్, స్టూడెంట్ కాన్ఫిడెన్స్ అని. తల్లిదండ్రులు కూడా వస్తున్నారని తెలిశాక దాన్ని నా మాటల్లోకి మార్చుకున్నాను. బొమ్మ మీద నేర్చుకుంటే మనిషి దగ్గర ధైర్యం వస్తుందా? వస్తే ఎలాంటి ధైర్యం వస్తుంది? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది ఎవరూ అడగరు. నాకేమో రెండోదే ముఖ్యం.

నా మొదటి ఇంజెక్షన్ సంగతి చెప్తాను. మా రోజుల్లో ల్యాబ్ అంటే ఒక గది, ఒక టేబులు, బుట్టెడు బత్తాయిలు. బత్తాయి తొక్కలో సూది దిగితే చర్మంలో దిగినట్టే ఉంటుందని చెప్పి దానికి పొడిపించేవారు. పొడిచాక ఆ బత్తాయిలు ఎవరు తినేవారని అడక్కండి. హాస్టల్ తిండి తిన్నవాళ్ళకి తెలుసు. రెండు రోజులు బత్తాయి, మూడో రోజు వార్డు. నా ఎదురుగా ఒక పెద్దాయన. కూలిపని చేసిన చేయి, ఎండకి నల్లబడ్డ చేయి. నేను సిరంజి పట్టుకుంటే సూది కొస వణకడం ఆయనకి కూడా కనిపిస్తోంది. ఆయన నా మొహం చూసి, “కొత్తా అమ్మా? పర్లేదు, పొడువు. నాకేం కాదులే” అన్నాడు. జ్వరంతో మంచం మీదున్నవాడు నాకు ధైర్యం చెప్పాడు. మూడుసార్లు పొడిచాను. మూడుసార్లూ ఆయన నోరు మెదపలేదు.

చాలా ఏళ్ళు ఈ కథ నేను ఆయన మంచితనం గురించి చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత నాకు ఇంకోటి తట్టింది. ఆయన ఎందుకు నోరు మెదపలేదు? మంచివాడు కాబట్టి. అదొక్కటేనా? ప్రభుత్వ ఆస్పత్రి జనరల్ వార్డులో ఉన్నాడు కాబట్టి కూడా. డబ్బు కట్టి స్పెషల్ రూములో పడుకున్నవాడి చేతిని మాకు ఎప్పుడైనా ఇచ్చారా? ఇవ్వలేదు. మేం నేర్చుకున్నదంతా లేనివాళ్ళ ఒళ్ళ మీద. అంటే మా చదువుకి ఫీజు ఎవరు కట్టినట్టు? మా నాన్న కట్టింది హాస్టల్ బిల్లు. అసలు ఫీజు ఆ పెద్దాయన కట్టాడు. సిమ్యులేషన్ గురించి ఎవరు ఎన్ని గొప్పలు చెప్పినా, నా మటుకు నాకు మొదటి కారణం ఇదే. మొదటి మూడు పోట్లూ బొమ్మకి పడాలి. నాలుగోది మనిషికి.

ఇదేదో అమెరికా నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్ళు ఉన్నారు. మనవాళ్ళు ఎప్పుడు మొదలుపెట్టారో తెలుసా? మన పాతకాలపు శస్త్రచికిత్స గ్రంథం సుశ్రుత సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో తొమ్మిదో అధ్యాయం. దాని పేరే యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే అక్కడ అభ్యాసం అని అర్థం. శిష్యుడికి శాస్త్రమంతా నోటికి వచ్చినా సరే, చేత్తో అభ్యాసం చేయకపోతే పనికి యోగ్యుడు కాడు అని సుశ్రుతుడు మొదట్లోనే చెప్తాడు. మరి దేని మీద చేయాలి? కోత కొయ్యడానికి గుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. రక్తనాళం మీద పొడవడానికి చచ్చిన జంతువుల నాళాలు, తామర తూడు. కట్టు కట్టడం నేర్చుకోవడానికి ఏం వాడమన్నాడో వింటే మీరు నవ్వుతారు. మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్న బొమ్మ. అంటే మన ల్యాబ్‌లో ఇవాళ మంచం మీద పడుకుని ఉన్న ఆవిడకి ముత్తవ్వ అన్నమాట! మా బత్తాయి కూడా సుశ్రుతుడి సంప్రదాయమేనని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు, చెబితే హాస్టల్లో ఇంకాస్త గర్వంగా తినేవాళ్ళం.

నర్సుల కోసమే చేసిన నిలువెత్తు బొమ్మ మాత్రం అమెరికాదే. 1911లో హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ స్కూలుకి వచ్చింది. మార్తా జెంక్స్ ఛేజ్ అనే ఆవిడ పిల్లల ఆట బొమ్మలు చేసేది. ఆ స్కూలువాళ్ళు అడిగితే మనిషంత బొమ్మ చేసిచ్చింది. ఆ బొమ్మని మిసెస్ ఛేజ్ అనే పిలిచారు. చూడండి, బొమ్మని శ్రీమతి గారు అని మర్యాదగా పిలిచారు! మన దగ్గర కొన్ని వార్డుల్లో బతికున్న మనిషిని ‘ఆరో నంబర్ బెడ్’ అంటాం. ఇక గుండె నొక్కి ఊపిరి ఊదే సీపీఆర్ నేర్పే యాన్ బొమ్మ ఉంది కదా, మీరందరూ ముద్దు పెట్టినంత పని చేశారు కదా, అది 1960లో నార్వేలో పుట్టింది. చేసినవాడు ఆస్మండ్ లేర్డాల్, ఆయనా ఆట బొమ్మల వ్యాపారే. మన చదువుకి పనికొచ్చిన ఈ రెండూ బొమ్మలమ్ముకునేవాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చేతులు కట్టుకుని వాళ్ళ వర్క్‌షాపుల ముందు నిలబడ్డారు. నాకు ఈ ముక్క ఎందుకో చాలా ఇష్టం.

సరే, చరిత్ర చాలు. ఇక్కడ ట్యూటర్లు ఉన్నారు, మేనేజ్‌మెంట్‌వాళ్ళు ఉన్నారు. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. బొమ్మ ఎక్కడుంది? బీరువాలో. తాళం ఎవరి దగ్గరుంది? ల్యాబ్ ఇన్‌ఛార్జి దగ్గర. ఇన్‌ఛార్జి ఎక్కడుంది? సెలవులో. నేను ఒక కాలేజీకి ఎగ్జామినర్‌గా వెళ్ళాను, ఎక్కడని అడక్కండి. లక్షలు పోసి కొన్న బొమ్మ. దాని మీద పాలిథిన్ కవరు ఇంకా తియ్యలేదు. మెడలో కంపెనీ వేసిన అట్టముక్క అలాగే వేలాడుతోంది. “ఎందుకమ్మా తియ్యలేదు?” అంటే, “ఇన్‌స్పెక్షన్‌కి కొత్తగా కనపడాలి మేడమ్” అన్నారు. నేనింకేం మాట్లాడతాను?

స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా అని మత్తు డాక్టరు ఉన్నాడు. ఈ రంగంలో పెద్దపేరు. సిమ్యులేషన్ అంటే యంత్రం కాదు, అదొక పద్ధతి అని ఆయన చెప్తూ వచ్చాడు. ఈ మాట మన మేనేజ్‌మెంట్‌వాళ్ళు బోర్డు రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే మాకు పెద్ద బొమ్మ లేని రోజుల్లో మేం ఏం చేశామో చెప్తాను. కాన్పు తర్వాత రక్తస్రావం, పీపీహెచ్. తల్లుల ప్రాణాలు తీసే వాటిలో ముందు వరుసలో ఉండేది. దాన్ని గుర్తు పట్టడం నేర్పాలి. ఏం చేశాం? బకెట్లో నీళ్ళు, అందులో ఎరుపు రంగు, కాస్త చిక్కదనానికి గంజి. సరిగ్గా అర లీటరు కొలిచి, పిల్లలు రాకముందే పాత నూలు చీర మీద, ప్యాడ్ల మీద, మంచం కింద నేల మీద పోసేశాం. పిల్లల్ని పిలిచి ఎంత పోయిందో రాయమన్నాం. చిట్టీలు విప్పి చూస్తే, రెండొందల మిల్లీలీటర్లు, నూట యాభై, రెండొందల యాభై. ఒకమ్మాయి మాత్రం ‘బాగా పోయింది’ అని రాసింది. అర లీటరు దాటితే అది పీపీహెచ్ అని పుస్తకంలో అందరూ చదివారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. కళ్ళ ముందున్న అర లీటరు మాత్రం రెండొందలుగా కనపడింది. ఇంత రక్తం పోయినప్పుడు కంటితో చూసి చెప్పే లెక్క ఎక్కువసార్లు తక్కువే వస్తుంది. పెద్ద పెద్ద అనుభవం ఉన్నవాళ్ళకీ తక్కువే వస్తుంది. ఈ పాఠం ఖరీదెంత? పాత చీర, గంజి, రంగు. మర్నాటి నుంచి ఆ పిల్లలు ప్యాడ్లు తూకం వెయ్యడం మొదలుపెట్టారు. మేం చెప్పకుండానే.

ఇప్పుడు ధైర్యం సంగతికి వద్దాం. కాన్ఫిడెన్స్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లో రాశాడు, బీఎస్సీ వాళ్ళు సైకాలజీలో చదివే ఉంటారు. నాలుగు దారులు చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం ఒకటి. మనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం ఒకటి. నీవల్ల అవుతుందని నమ్మకమైనవాళ్ళు చెప్పడం ఒకటి. నాలుగోది మన ఒళ్ళు మనకి చెప్పే కబురు, అంటే గుండె దడ, చేతుల చెమట, వాటిని మనం ఎలా అర్థం చేసుకుంటాం అనేది. వీటన్నిట్లోకీ గట్టిది మొదటిది. మన కాలేజీల్లో మాత్రం ఎక్కువగా నడిచేది మూడోది. “ధైర్యంగా ఉండమ్మా, భయపడకూడదు.” భయపడకూడదంటే భయం పోతుందా? ఆ మాట అన్నాక భయంతో పాటు, భయపడుతున్నందుకు సిగ్గు కూడా తోడవుతుంది. చేతులకి చెమట పడితే, “అది అందరికీ పడుతుంది, తుడుచుకుని గ్లవుజులు వేసుకో” అని చెప్పేవాళ్ళు కావాలి. బొమ్మ దగ్గర ఆ చెమట ఒకసారి పట్టి, ఒకసారి ఆరిపోయి ఉంటే, వార్డులో పట్టినప్పుడు ఆ పిల్ల కంగారు పడదు. ఇది పాత చుట్టమే అనుకుంటుంది.

ఇక్కడ ఒక గోతి ఉంది. జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ప్రాజెక్టు వర్కులు చేసే ఎమ్మెస్సీ పిల్లలు. మీరేం చేస్తారు? సిమ్యులేషన్‌కి ముందు ఒక ఫారం ఇస్తారు. నీ కాన్ఫిడెన్స్ ఎంత, ఒకటి నుంచి అయిదు వరకు టిక్కు పెట్టు అని. తర్వాత మళ్ళీ అదే ఫారం. రెండు నుంచి నాలుగుకి వెళ్ళింది, కాబట్టి సిమ్యులేషన్ సక్సెస్. థీసిస్ బైండింగుకి వెళ్ళిపోతుంది. అవునా? నవ్వుతున్నారంటే అవునన్నమాటే.

ఆ నాలుగు దేని కొలత? ఆ పిల్లకి తన మీద ఉన్న నమ్మకానికి కొలత. చేతికి వచ్చిన పనికి కాదు. మా ల్యాబ్‌లో సీపీఆర్ నేర్పాక ఒకమ్మాయి అయిదుకి అయిదు టిక్కు పెట్టింది. ఛాతీ అయిదు సెంటీమీటర్లు దిగాలి, ఆరు దాటకూడదు. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై నొక్కులు. ఆ అమ్మాయి వేగం బ్రహ్మాండం. లోతు మాత్రం మూడు సెంటీమీటర్లు. బొమ్మకి లోతు చూపించే మీటరు ఉంది కాబట్టి తెలిసింది. లేకపోతే అయిదుకి అయిదు వేసుకుని వార్డుకి వెళ్ళిపోయేది. పక్కనే ఇంకో అమ్మాయి, కాస్త బక్కపల్చటి పిల్ల, ఫారంలో రెండు టిక్కు పెట్టింది. ఆమె నొక్కితే సరిగ్గా అయిదున్నర. మోకాళ్ళ మీద లేచి, చేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కింది. ఆ ఇద్దర్లో మీకు ఏమైనా అయితే ఎవరు కావాలి మీకు? నాకైతే రెండు పెట్టిన పిల్లే కావాలి. కాబట్టి కాన్ఫిడెన్స్ పెరిగిందా అని అడిగి ఊరుకోకూడదు. చేతికీ నమ్మకానికీ పొత్తు కుదిరిందా అని అడగాలి. ఎక్కువ ఉన్న పిల్లకి కాస్త తగ్గించడం కూడా సిమ్యులేషన్ పనే. ఇది ఎవరూ థీసిస్‌లో రాయరు.

పెద్ద అధ్యయనం ఒకటి చెప్పి ఈ లెక్కల గొడవ వదిలేస్తాను. అమెరికాలో నర్సింగ్ బోర్డుల సంస్థ ఒకటి ఉంది. వాళ్ళు పది కాలేజీల్లో పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు క్లినికల్ పోస్టింగులు, అంటే ఆస్పత్రి వార్డుల్లో పని నేర్చుకోవడం, సిమ్యులేషన్ పది శాతం లోపు. ఇంకో గుంపుకి పోస్టింగుల్లో పాతిక శాతం సిమ్యులేషన్‌తో నింపారు. మూడో గుంపుకి సగానికి సగం. చివరిదాకా నిలిచింది 666 మంది. 2014లో ఫలితం వచ్చింది. చదువు పూర్తయ్యేటప్పటికి గానీ, ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలల్లో గానీ మూడు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వినగానే మన యాజమాన్యాలకి ఏమనిపిస్తుంది? అబ్బ, సగం పోస్టింగులు ఎత్తేయొచ్చు, ఆస్పత్రికి కట్టే డబ్బు మిగులుతుంది, బస్సు డీజిల్ మిగులుతుంది! ఆగండి. అక్కడ నేర్పినవాళ్ళకి ముందుగా ట్రైనింగ్ ఇచ్చారు. ప్రతి సెషన్ తర్వాత కూర్చోబెట్టి పద్ధతిగా మాట్లాడించారు. అరవై మందికి ఒక బొమ్మ, ఒక ట్యూటర్, అరగంట టైము, ఇలా కాదు. అది లేకుండా ఇది తీసుకుంటే, వంటలో ఉప్పూ కారం మానేసి పేరు మాత్రం పులుసు అన్నట్టు ఉంటుంది.

మన దగ్గర కూడా మార్పు వచ్చింది, కాదనను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ సిలబస్ మార్చి సెమిస్టర్ పద్ధతి పెట్టినప్పుడు సిమ్యులేషన్‌ని అందులో చేర్చింది. గురుగ్రామ్‌లో జాతీయ స్థాయి సిమ్యులేషన్ సెంటర్ ఉంది, ట్యూటర్లు అక్కడికి వెళ్ళి ట్రైనింగ్ తీసుకుని వస్తున్నారు. వచ్చినవాళ్ళకి తాళంచెవి ఇవ్వండి. అంతే నేను అడిగేది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. దీని కోసమే వచ్చాను.

నేను చాలా ఏళ్ళు ఏమనుకున్నానంటే, మన పిల్లలకి భయం సూదంటే, రక్తమంటే, చావంటే అని. కాదు. అవన్నీ మొదటి ఆరు నెలల్లో పోతాయి. పోనిది ఒకటుంది. ఫోను. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చెయ్యడం. ఇక్కడున్న స్టాఫ్ నర్సులు చెప్పండి, నేనేమైనా అబద్ధం చెప్తున్నానా? అదిగో, ఆవిడ తల ఊపుతున్నారు.

అదే పీపీహెచ్ డ్రిల్లు. ఇంకో బ్యాచ్, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడో సంవత్సరం. ఆ అమ్మాయి పేరు చెప్పను, ఇప్పుడు స్టాఫ్ నర్సుగా చేస్తోంది. బాగా చదివే పిల్ల, తెలుగు మీడియం నుంచి వచ్చింది. మంచం మీద బొమ్మ కాదు, మా దగ్గర రిటైరైన ఆయమ్మ. ఆవిడ పొట్ట మీద రబ్బరు గర్భసంచి కట్టాం. ఆయమ్మ ముప్పై ఏళ్ళు లేబర్ రూములో పనిచేసిన మనిషి, ఆవిడకి నటన నేర్పక్కర్లేదు. “అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయమ్మా, గొంతు ఎండిపోతోంది, కాసిని నీళ్ళు పొయ్యమ్మా” అంటుంటే మాకే ఒళ్ళు జలదరించింది. నేను తెర వెనక కుర్చీలో కూర్చున్నాను, చేతిలో ఇంటర్‌కమ్. నేను డ్యూటీ డాక్టరు.

ఆ పిల్ల అన్నీ సరిగ్గా చేసింది. గర్భసంచి మెత్తగా ఉందని పట్టుకుంది. మర్దన మొదలుపెట్టింది. తోటి అమ్మాయిని కేకేసి సెలైన్ పెట్టమంది. మూత్రసంచి నిండిందేమో చూసింది. పల్స్ 124, బీపీ 90/60, కేస్ షీటులో రాసింది కూడా. చూస్తున్న నాకు గర్వంగా ఉంది. ఫోను ఎత్తింది. మళ్ళీ పెట్టేసింది. మళ్ళీ ఎత్తింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, నాలుగు నిమిషాలు. రక్తం పోతున్న మనిషి దగ్గర నాలుగు నిమిషాలంటే ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఆఖరికి నంబరు నొక్కింది. నేను కావాలని నిద్రమత్తు గొంతుతో, విసుగ్గా, “ఏంటమ్మా?” అన్నాను.

“సార్, పేషెంట్ బాలేదు సార్.”

“బాలేదంటే?”

“కొంచెం బ్లీడింగ్ ఉంది సార్.”

“కొంచెం ఉంటుందిలే, కాన్పు అయింది కదా. చూస్తూ ఉండు” అని పెట్టేశాను.

ఆ పిల్ల ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయమ్మ మంచం మీద నుంచి, నటన మర్చిపోయి, “ఓసి పిచ్చిదానా, గట్టిగా చెప్పవే” అంది.

తర్వాత కూర్చున్నాం. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. సిమ్యులేషన్‌లో అసలు చదువు ఇక్కడే. డ్రిల్లు పది నిమిషాలైతే ఇది ఇరవై, ముప్పై నిమిషాలు ఉండాలి. మన దగ్గర జరిగేది ఏంటంటే, డ్రిల్లు అవగానే ట్యూటర్ లేచి నిలబడి తప్పుల చిట్టా చదువుతుంది. అందరి ముందూ. ఆ పిల్ల తల దించుకుంటుంది, మిగతావాళ్ళు తమ వంతు రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. ఇందులో ఎవరికి ఏం వచ్చినట్టు? నేనూ అలాగే చేశాను, ఏళ్ళ తరబడి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అడగాల్సింది ‘ఎందుకు తప్పు చేశావ్’ అని కాదు. ‘ఆ నిమిషంలో నీ మనసులో ఏముంది’ అని. ఆ పిల్ల తెలివైనదే, పేషెంటుకి మంచి చెయ్యాలనే ఉంది, మరి అలా చేసిందంటే దానికి ఏదో కారణం ఉంటుంది అని ముందు మనం నమ్మాలి. అలా నమ్మి అడగాలి. నమ్మనట్టు అడిగితే పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

అడిగాను. “పల్స్ ఎంతో నీకు తెలుసు కదా?”

“తెలుసు మేడమ్. 124.”

“మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు?”

“ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు మేడమ్. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని.”

“సరే. కొంచెం అని ఎందుకన్నావ్? అది కొంచెమా?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. “ఎక్కువ ఉందంటే, ఇంతసేపు ఏం చేస్తున్నావని తిడతారేమోనని, కొంచెం అన్నాను మేడమ్.”

ఆ మాట వినగానే నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకో చెప్తాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. విరేచనాలతో వచ్చిన చంటివాడు. కళ్ళు లోపలికి పోతున్నాయి, నాకు కనపడుతోంది. ఆ డాక్టరుగారంటే మాకు సింహస్వప్నం. తెల్లారితే ఎలాగూ రౌండుకి వస్తారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రెండు గంటల నుంచి నాలుగున్నర దాకా ఆ బెడ్డు చుట్టూ తిరిగాను గానీ ఫోను దగ్గరికి పోలేదు. నాలుగున్నరకి సీనియర్ సిస్టర్ ఒకావిడ అటుగా వచ్చి చూసి, నన్నేమీ అనకుండా, నేరుగా వెళ్ళి ఆయన్ని లేపుకొచ్చింది. పిల్లాడు బతికాడు. నావల్ల కాదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల కొంచెం అనగానే, ఆ డీబ్రీఫింగ్‌లో, పిల్లలందరి ముందూ చెప్పాను. ఆ రోజు నుంచే మా ల్యాబ్‌లో పిల్లలు నిజాలు చెప్పడం మొదలైంది.

ఏం చేశాం మరి? ఇంటర్‌కమ్ పక్కన అట్టముక్క అంటించాం. దాని మీద నాలుగు వరసలు. నేనెవర్ని, ఎక్కడి నుంచి, ఇప్పుడు ఏం జరుగుతోంది. ఈ పేషెంటు ఎవరు, ఇప్పటిదాకా ఏమైంది. నా లెక్కలు ఏంటి, నాకేమనిపిస్తోంది. మీరేం చెయ్యాలి. ఇది మేం కనిపెట్టింది కాదు, ఎస్‌బార్ అని పుస్తకాల్లో ఉన్నదే. అమెరికా నేవీవాళ్ళ దగ్గర్నుంచి ఆస్పత్రులకి వచ్చింది. మేం చేసిందల్లా దాన్ని తెలుగు చెయ్యడం. పిల్లలకి చెప్పాం, మీ డాక్టరుగారికి తెలుగు వచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గ్రామర్ ఎవరూ చూడరు. అంకెలు ఇంగ్లీషైనా, మాట తెలుగైనా, ముందు చెప్పు. ఇంకోటి, ‘కొంచెం’ అనే మాట ల్యాబ్‌లో వాడకూడదు. వాడితే అందరికీ టీ. ఇందాక మైకు దగ్గర నేను కొంచెం దించు అన్నాను చూశారా? ఎంత దించాలో ఆ బాబుకి తెలియలేదు, మళ్ళీ ఇంకొంచెం అని చెప్పాల్సి వచ్చింది. నేను మీకు టీ బాకీ.

ఆ అమ్మాయి అదే డ్రిల్లు మళ్ళీ చేసింది. అదే రోజు, అరగంట తర్వాత. ఇది మర్చిపోకండి ట్యూటర్లూ, తప్పు చేసిన పిల్లని తప్పుతోనే ఇంటికి పంపకూడదు. మళ్ళీ చేయించి, గెలిపించి పంపాలి. ఈసారి ఒకటిన్నర నిమిషంలో ఫోను. “సార్, లేబర్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. మూడో నంబరు బెడ్డు, కాన్పు అయి గంటైంది, బ్లీడింగ్ ఆగట్లేదు. ప్యాడ్లు తూస్తే 600 దాటింది. పల్స్ 124, బీపీ 90/60. గర్భసంచి మెత్తగా ఉంది, మర్దన చేస్తున్నాం, సెలైన్ పోతోంది. మీరు ఇప్పుడే రావాలి సార్.” నేను కావాలని, “ఇంకో పది నిమిషాలు చూడమ్మా” అన్నాను. ఒక్క క్షణం ఆగింది. “లేదు సార్, ఇప్పుడే రావాలి.” తెర వెనక నేను కళ్ళు తుడుచుకున్నాను, డ్యూటీ డాక్టరు వేషంలో.

చూస్తున్నవాళ్ళు కూడా నేర్చుకున్నారు. అరవై మంది ఉన్నారు, అందరికీ బొమ్మ దగ్గర వంతు ఎలా వస్తుందని అడుగుతారు కదా. చూసేవాళ్ళకి పని ఇవ్వండి. ఒకరు టైము రాయాలి, ఒకరు మందు పేరు, డోసు రాయాలి, ఒకరు పేషెంటు మొహం మాత్రమే చూడాలి, ఆవిడతో ఎవరైనా ఒక్క మాటైనా మాట్లాడారా లేదా అని. ఈ మూడోది పెట్టి చూడండి. మొదటి వారం ‘ఎవరూ మాట్లాడలేదు’ అనే వస్తుంది.

తల్లిదండ్రులకి ఒక మాట. మా అమ్మాయి ఆస్పత్రికి పోకుండా బొమ్మలతో ఆడుకుంటోందని బెంగ పడుతున్నారని విన్నాను. పోస్టింగులు ఉంటాయి, ఉండాలి. బొమ్మకి లేనివి చాలా ఉన్నాయి. బొమ్మకి వాసన ఉండదు. బొమ్మ చేతిలో నరం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ చేతిలో నరం సూది చూడగానే పక్కకి తప్పుకుంటుంది. బొమ్మ మంచం చుట్టూ పన్నెండు మంది చుట్టాలు నిలబడి “ఏం చేస్తున్నావమ్మా, డాక్టరేడీ” అని అరవరు. అందుకే మేం ఒకసారి తోటి విద్యార్థుల్నే చుట్టాలుగా పెట్టాం. వాళ్ళు ఎంత బాగా జీవించారంటే సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కొందరు ట్యూటర్లకి బొమ్మని చంపడం సరదా. పిల్ల ఒక తప్పు చెయ్యగానే మానిటర్ మీద గుండె ఆగినట్టు గీత పెట్టేస్తారు, “చూశావా, నీవల్ల చచ్చిపోయింది” అని. వద్దు. రెండో సంవత్సరం పిల్లకి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు చేతులు ఇంకా వణుకుతాయి. చావు గురించి నేర్పాలనుకుంటే అది ముందే అనుకుని, దాని కోసమే పెట్టిన పాఠం అవ్వాలి. శిక్షగా కాదు.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఇంకొక్కటి.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పొద్దున్నే ఫోన్ చేసింది. ఎక్కడో దూరంగా, మందు నిల్వలు కూడా అంతంతమాత్రంగా ఉండే చోట పనిచేస్తోంది. “మేడమ్, రాత్రి ఒంటిగంటకి సార్‌ని లేపాను” అంది. నేను ఏమైందని అడగలేదు, ముందు ఏం చెప్పావని అడిగాను. నాలుగు వరసలూ అప్పజెప్పింది. “మరి సార్ ఏమన్నారే?” అన్నాను.

“తిట్టారు మేడమ్. వచ్చారు.”

సరే, భోజనాల తర్వాత రెండింటికి పక్క గదిలో డ్రిల్లు ఉంది. చీర, గంజి, రంగు నేనే తెచ్చాను, తూకం మిషన్ మీ వంటగదిలోది అడిగి తీసుకున్నాం. ఫస్టియర్ పిల్లలు చిట్టీల మీద పేరు రాయక్కర్లేదు, అంకె రాస్తే చాలు. డ్యూటీ డాక్టరుగా ఈసారి నేను కూర్చోను, ప్రిన్సిపాల్ గారు కూర్చుంటారు. ఇందాకే ఒప్పుకున్నారు. టీ డబ్బులు నేను క్యాంటీన్‌లో ఇచ్చి వెళ్తాను.